తడిసిన తాడు

పోయిన వారం మనం ఆన్సెల్మ్ రూవ్రేని ఆయన ఇంటి గుమ్మంలో, ఒక అమ్మాయి ముఖం మీద తలుపు వేస్తుండగా విడిచి వచ్చాం.

ఆ అమ్మాయి పేరు మనోన్ తిస్సెరాన్. హల్మోషి అనే హంగేరీ దర్శకుడు ఎప్పుడో తీసిన 'ఆవలి ఒడ్డు' సినిమాకి కొత్తగా ఫ్రెంచి సబ్‌టైటిళ్ళు రాసింది. మామూలు సినిమా అయితే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు. కానీ ఆ సినిమా చివర, నది ఒడ్డున నిలబడ్డ ఒక ఆడమనిషి వెనక్కి తిరక్కుండా ఒక మాట అంటుంది. ఆ మాట ఫ్రాన్సులో సినిమా పిచ్చి ఉన్న ప్రతివాడికీ కంఠతా వచ్చు. "నువ్వు చూడనప్పుడు కూడా నేనిక్కడే ఉన్నాను."

అది అందరికీ నేర్పింది సినిమా కాదు, రూవ్రే. 'ఆవలి ఒడ్డు' పారిస్‌లో ఒకే ఒక్కసారి ఆడింది, ఆయన కుర్రవాడుగా ఉన్న రోజుల్లో, లూసియోల్ అనే చిన్న హాల్లో. ప్రింటుకి సబ్‌టైటిళ్ళు లేవు. అలాంటి ప్రింట్లు వచ్చినప్పుడు హాలు వెనక ఒక బల్లా మైకూ పెట్టి, భాష తెలిసినవాళ్ళని కూర్చోబెట్టేవాళ్ళు. తెర మీద మనిషి మాట్లాడుతుంటే వాళ్ళు చీకట్లో ఫ్రెంచిలో చెబుతూ పోవాలి. ఆ రోజు మైకు దగ్గర కూర్చున్నది రూవ్రే భార్య ఎతెల్కా. ఆమెది హంగేరీ. ఆట అయ్యాక ప్రింటు తిరిగి వెళ్ళిపోయింది. అక్కడి ప్రభుత్వానికి సినిమా నచ్చక గోదాములో పడేసింది. మిగిలింది ఆ చివరి మాట మీద రూవ్రే రాసిన వ్యాసం ఒక్కటే. ఆయన పేరూ, పత్రికలో కాలమ్మూ, పుస్తకాలూ అన్నీ ఆ ఒక్క వాక్యం మీద లేచిన అంతస్తులే.

యాభై ఏళ్ళ తరవాత ఇప్పుడు సినిమాని కడిగి, తుడిచి, మళ్ళీ పంపారు. చివరి మాటకి మనోన్ రాసిన సబ్‌టైటిల్ ఇది: "తాడు తడిసింది. పొద్దున్నే ఎండెయ్యాలి."

'హల్మోషిని తీసుకెళ్ళి దండెం మీద ఆరేశారు' అని రూవ్రే తన కాలమ్‌లో రాశాడు. అంతటితో ఆగకుండా, ఈ అమ్మాయి ఏ మిఠాయి పొట్లాల మీదో రాసుకోవలసింది అని కూడా రాశాడు. ఆమె ఆయన ఇంటికి వచ్చి ఒకటే అడిగింది, ఆ రోజు మైకులో చెప్పింది ఎవరని.

"నా భార్య. పోయి నాలుగేళ్ళయింది. ఆవిడకి సినిమా అంటే నిద్ర. ఇంకేమైనా కావాలా?" అని తలుపు వేశాడు.

ఇంకొక్క సంగతి గుర్తు చేసి కథలోకి వెళ్దాం. ఎతెల్కా పోయినప్పుడు బాన్యో శ్మశానంలో ఆమె సమాధి రాయి మీద ఆయన ఆ వాక్యమే చెక్కించాడు. కింద 'హల్మోషి' అని దర్శకుడి పేరు కూడా. ఎవరి మాట వాళ్ళకి దక్కాలన్నది ఆయన నియమం.

*

ఆదివారం ఉదయం ఆటకి లూసియోల్ ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. రూవ్రే దాన్ని చూసి ముక్కు చిట్లించాడు.

ప్రతి భుజానికీ ఒక గుడ్డ సంచి. ప్రతి సంచి మీదా ఏదో ఊరి చిత్రోత్సవం పేరు, తిరుపతి వెళ్ళొచ్చినవాడి గుండులాగ. వీళ్ళు సినిమా చూడ్డానికి రాలేదు, చూశామని చెప్పుకోవడానికి వచ్చారనుకున్నాడు. అసలు అది కూడా కాదు. ఇవాళ వీళ్ళు వచ్చింది ఒక ముసలివాడు బోర్లాపడితే చూడ్డానికి. సర్కస్‌లో తాడు మీద నడిచేవాణ్ణి చూసే జనం కూడా వాడు పడతాడనే కదా చూస్తారు.

హాలు యజమానురాలు ఒడిల్ ఫ్రెమ్యో టికెట్ల గది పక్కన నిలబడి ఉంది.

"వచ్చారా. మీరు రారని కొందరు పందెం కాశారు."

"ఎవరు?"

"నేనూ కాశాను. ఓడిపోయాను. సంతోషంగానే ఉంది."

"ఆ అమ్మాయి వచ్చిందా?"

"మనోన్ పొద్దున్నే వచ్చింది. పాపం, జలుబు. మీరు కొంచెం మెల్లగా..."

"జలుబుకి నేను మందు ఇవ్వలేను మదాం. అజ్ఞానానికి కూడా లేదు."

ఒడిల్ నవ్వింది. ముప్పై ఏళ్ళుగా ఆయన మాటలు వింటున్న మనిషి. వాన శబ్దంలాగ అలవాటైపోయాయి. "ఇవాళ ఇంకొక అతిథి ఉన్నారు. సినిమా అయ్యాక చర్చలో మాట్లాడతారు. ఎవరో చెప్పను."

"మంత్రిగారా? తప్పుడు సబ్‌టైటిళ్ళకి పతకం ఇవ్వడానికి?"

"ముందు సినిమా చూడండి మస్యో రూవ్రే. మీ కోపం ఎక్కడికీ పోదు. సినిమా అయ్యేదాకా నేను కాపలా ఉంటాను."

ఆయన చోటు మూడో వరస, ఎడమ చివర. అక్కడ ఒక దిండు ఉంటుంది. నడుం నొప్పి మొదలైన ఏడాది నుంచీ ఉంటోంది. అది హాలు వాళ్ళు అందరికీ వేసే దిండు అని ఆయన నమ్మకం. మిగతా సీట్లలో ఎందుకు లేదో ఎప్పుడూ ఆలోచించలేదు. వెనక్కి తిరిగి చూస్తే కదా తెలిసేది. హాల్లో కూర్చున్నాక వెనక్కి తిరిగేవాడు ప్రేక్షకుడు కాడు, పోలీసువాడు అని ఆయనే ఒకసారి రాశాడు.

దీపాలు ఆరాయి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వెలుతురులో ఈ మనిషికి నచ్చిన వస్తువు లోకంలో లేదు. చీకట్లో తెర వెలిగితే మాత్రం ఆయన ముఖంలోకి ఎవరో చిన్నపిల్లవాడు వచ్చి కూర్చుంటాడు. హల్మోషి తొందరపడడు. పడవ ఆగే చోట కెమెరా పెట్టి, పడవ వచ్చేదాకా ఆగుతాడు. ఈలోగా ఒక కుక్క వచ్చి నీళ్ళు తాగి వెళ్ళిపోతుంది. కథకీ దానికీ సంబంధం లేదు. ఇంకో దర్శకుడైతే కత్తిరించేవాడు. ఈయన ఆ కుక్క దాహం తీరేదాకా మనల్ని కూడా నిలబెడతాడు. ఇంతటి మర్యాద ఇప్పుడు ఏ సినిమాలో ఉంది? ఇప్పటివాళ్ళు కుక్క కనిపిస్తే దానికి సంగీతం పెడతారు.

పడవవాడి భార్యగా వేసిన పిల్ల ముఖం మీద నీటి వెలుగు కదులుతుంటే రూవ్రే సీట్లో ముందుకి వంగాడు. ఆ పిల్ల ఏడవదు. ఏడ్చే పని నదికి ఒప్పగించి, తను కుండలో పిండి కొలుస్తూ ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆయన ఈ సినిమాని మనసులో వేసుకుని చూస్తూనే ఉన్నాడు. ఒకటి రెండు చోట్ల తన జ్ఞాపకం తప్పింది. కిటికీ కుడివైపు అనుకున్నాడు, ఎడమవైపు ఉంది. అంతే. మిగతాదంతా అదే పొగమంచు, అదే నెమ్మది.

చివరికి ఆ షాటు వచ్చింది. మొగుణ్ణి ఎక్కించుకుని పడవ అవతలి ఒడ్డుకి పోతోంది. వాడు తిరిగి రాడని ఆమెకీ తెలుసు, మనకీ తెలుసు. కెమెరా ఆమె వెనక ఉంది. వీపు తప్ప ఏమీ కనపడదు. ఆమె మాట అంది. కింద తెల్లటి అక్షరాలు వెలిగాయి: తాడు తడిసింది. పొద్దున్నే ఎండెయ్యాలి.

వెనక ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆవలింతలాగ ఒకరినుంచి ఒకరికి అంటుకుంది. సినిమాని చూసి కాదు. మూడో వరసలో ఎడమ చివర ఉన్న తెల్లజుట్టుని చూసి.

*

దీపాలు వెలిగాక తెర ముందు రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో ఒడిల్, ఇంకోదాంట్లో మనోన్. ముక్కు ఎర్రగా, మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని, చూడ్డానికి స్కూల్లో తప్పు చేసి నిలబడ్డ పిల్లలా ఉంది. రూవ్రేకి మైకు అందించారు. ఆయన లేచాడు. ఎవరినైనా కోసేటప్పుడు ఆయన గొంతులో మర్యాద పెరుగుతుంది. అది తెలిసినవాళ్ళు సీట్లలో సర్దుకుని కూర్చున్నారు.

"మదామోజెల్ తిస్సెరాన్ గారికి నా అభినందనలు. దేవుడి గురించీ చూపు గురించీ ఉన్న సినిమాని తీసుకెళ్ళి దండెం మీద ఆరేయడం అందరివల్లా కాదు."

"ఆ తాడు బట్టలది కాదండీ," అంది మనోన్. "పడవది."

హాలు నవ్వింది.

"నేనే పొరబడ్డాను. పడవ తాడు. ఇంకా గొప్పగా ఉంది."

"ఆవిడ అన్నది అదేనండీ. నేను కలిపింది లేదు, తీసింది లేదు."

సైకిల్ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్న ఒక బట్టతల మనిషి చెయ్యెత్తాడు. "నాకు తాడే నచ్చిందండీ. మీ వాక్యం మేం కాలేజీలో చొక్కాల మీద వేయించుకునేవాళ్ళం. ఇవాళ నిజంగా ఏముందో చూస్తే ఇదే బాగుంది. మొగుడు పోతుంటే కూడా రేపటి పని గుర్తొచ్చింది చూడండి ఆవిడకి."

"అయ్యా, తాడు నచ్చడం అలవాటుని బట్టి ఉంటుంది," అన్నాడు రూవ్రే. "కట్టేసి ఉన్నవాటికి అది ఇల్లులాంటిది."

ఈసారి నవ్వు ఆయన వైపు వచ్చింది. ఆయన అది పట్టుకుని ముందుకు వెళ్ళాడు. అసలు సంగతి చెబుతాను వినండి అన్నాడు. ఆ షాటులో పెదాలు కనపడవు. వీపు ఒక్కటే. మాట మార్చాలంటే సెన్సారు వాళ్ళకి ఇంతకన్నా సులువైన చోటు దొరుకుతుందా? 'నువ్వు చూడనప్పుడు' అంటే, ఎవరు చూడనప్పుడు? దేవుడా, ప్రభుత్వమా? ఆ మాటకి అక్కడివాళ్ళకి చెమటలు పట్టాయి. అందుకే మాట పీకేసి తాడు పెట్టారు. ఇన్నేళ్ళు గోదాములో ఉన్నది ఆ మార్చిన ప్రింటు. మనవాళ్ళు భక్తిగా కడిగి, అద్ది, దాన్నే మనకి వడ్డించారు.

హాలు నిశ్శబ్దమైంది. అక్కడక్కడా తలలు ఊగాయి. ప్రతి మంగళవారం, ప్రతి ఆదివారం వచ్చి సినిమా అంతా ఉన్ని అల్లుకుంటూ కూర్చునే ఒక పెద్దావిడ అల్లిక ఆపింది. ఆ నిశ్శబ్దం రూవ్రేకి బాగా తెలిసినదే. గెలిచేముందు వచ్చేది.

"చివరి భాగం ఇంకోసారి వెయ్యండి. చదవకండి, వినండి. అతుకు మీకే తెలుస్తుంది."

దీపాలు మళ్ళీ ఆరాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నీటి చప్పుడు. తెడ్డు చప్పుడు. గాలి. తరవాత ఆ పిల్ల గొంతు.

కోతేల్.

ఒక్క మాట. హంగేరీ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ భాషలో ఆయన నేర్చుకున్నవి చేతి వేళ్ళకి సరిపోవు. సూపు. చాలు. తలుపెయ్యి. ఇంకా ఈ మాట. వానపడి వెలిసిన సాయంత్రాల్లో ఎతెల్కా బాల్కనీలోకి వెళ్ళి, బట్టలారేసే తాడుని వేళ్ళతో ఇలా ఒకసారి తడిమి చూసి, తనలో తను అనుకునేది. కోతేల్. ఆ తరవాత లోపలికి వినపడేలా ఫ్రెంచిలో, "తాడు తడిసింది, రేపు ఆరేద్దాం." ఆయన అప్పుడు ఏదో చదువుకుంటూ ఉండేవాడు. ఊఁ అనేవాడు కాబోలు.

అతుకు లేదు. అదే గాలి, అదే ఊపిరి.

దీపాలు వెలిగాయి. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. యాభై ఏళ్ళు మేడ మీద బతికినవాడు కింద పునాది లేదని తెలిసినా దిగడానికి ఒప్పుకోడు.

"విన్నారు కదా," అన్నాడు రూవ్రే. "అతుకు స్పష్టంగా ఉంది."

"లేదు," అంది ఒక గొంతు, ఆఖరి వరసలోంచి.

చేతికర్ర తాటిస్తూ ఒక ముసలావిడ నడవలోకి వచ్చింది. ఒడిల్ ఎదురెళ్ళి మోచెయ్యి పట్టుకోబోతే వద్దని తల ఊపింది. పొట్టి మనిషి. పెదాలకి ఎర్రటి రంగు బాగా దట్టించింది. తెర దాకా వచ్చి, ఖాళీగా ఉన్న ఆ తెల్లటి గుడ్డని ఒకసారి ఎగాదిగా చూసి, అప్పుడు జనం వైపు తిరిగింది. ఫ్రెంచి బాగానే మాట్లాడుతోంది గానీ ప్రతి మాటనీ మొదటి అక్షరం దగ్గర తొక్కుతోంది. ఎతెల్కా తొక్కినట్టే.

"నా పేరు సరోల్తా వెర్తెషి. ఇందాక మీరు చూసిన వీపు నాది. గొంతు కూడా నాదే. నిన్న వియన్నానుంచి రైల్లో వచ్చాను. నాకు నా మోకాళ్ళ మీద కోపంగా ఉంది, ఈయన మీద కూడా ఉంది. మోకాళ్ళ సంగతి తరవాత చూస్తాను."

చప్పట్లు మోగాయి. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆ రోజు వాన. హల్మోషి నాతో, ఏదైనా ఇంటి పని గురించి అను, ఏం అంటావో నీ ఇష్టం అన్నాడు. ఎదురుగా తాడు తడిసి ఉంది. తడిసింది అన్నాను. అంతే. సెన్సారువాళ్ళు ఆ సినిమాలో చాలా చోట్ల వేలు పెట్టారు గానీ తాడుని ముట్టుకోలేదు. తాడుకి ఎవరు భయపడతారు?"

రూవ్రే మైకు వదల్లేదు. "మదాం, నటులకి తాము ఏం చేశామో సాధారణంగా తెలియదు."

"నిజమే. అందుకే విమర్శకుల దగ్గరికి వెళ్తాం. వాళ్ళకీ తెలీదు. కానీ గట్టిగా చెబుతారు."

హాలంతా ఘొల్లుమంది. బట్టతల మనిషి హెల్మెట్ మీద దరువు వేశాడు.

"హల్మోషి మీ వ్యాసం చదివించుకుని విన్నాడు," అంది సరోల్తా. గొంతు కొంచెం తగ్గింది. "ఎవడీ గాడిద అని ఒక వారం తిట్టాడు. ఆ తరవాత ఒక ఏడాదిపాటు, ఆ వాక్యం నాకెందుకు తట్టలేదురా భగవంతుడా అని తనని తనే తిట్టుకున్నాడు. తాగినప్పుడల్లా."

"అయితే అది ఎక్కడినుంచి వచ్చింది?" బట్టతల మనిషి లేచాడు. "సినిమాలో లేదు, దర్శకుడు రాయలేదు. వ్యాసం కోసం ఈయనే అల్లుకున్నాడా?"

"అల్లుకునే ఉంటాడు," అన్నారు ఇంకెవరో. "మనమేమో దాన్ని పరీక్షల్లో రాశాం."

"ఆ రోజుల్లో మైకులో అనువాదం చెప్పేవాళ్ళు కదా. అది ఎవరు?"

ప్రశ్న మనోన్ వైపు వెళ్ళింది. ఆమె రుమాలు మడత పెట్టుకుంటోంది. తలెత్తి రూవ్రేని చూసింది. రూవ్రే ఆమెని చూశాడు. ఆ అమ్మాయికి తెలుసు. ఆయన గుమ్మంలో నిలబడి, ఆయన నోటితోనే విన్నది. తన మీద పత్రికలో పడ్డ ప్రతి మాటకీ ఒక్క ముక్కలో బదులు తీర్చుకోవచ్చు. మీ ఇంటావిడనే అడగండి అంటే చాలు.

"దొరకలేదండీ," అంది మనోన్. "పాత సంగతి కదా. ఎవరికీ గుర్తు లేదు."

అని ముక్కు తుడుచుకుంది.

 రూవ్రేకి దారి ఎదురుగా తెరిచి ఉంది. నేను మోసం చెయ్యలేదు, నన్ను మోసం చేశారు అంటే సరిపోతుంది. మైకులో చెప్పింది నా భార్య, ఆమె ఇష్టం వచ్చినట్టు చెప్పింది, నేను నమ్మాను. నిజం కూడా అదే. రేపు పత్రికలన్నీ ఆయన వైపు జాలిగా తిరుగుతాయి. ఎతెల్కా పేరు మాత్రం నలుగురి నోళ్ళలో పడుతుంది. అనువాదం చేతకాని ఆడది, సినిమా వింటూ నిద్రపోయిన ఆడది అని. ఆ రెండో మాట ఆయనే కదా పోయిన వారం అన్నది.

"రాసింది నేను," అన్నాడు రూవ్రే. "కింద సంతకం నాది. ఆ వాక్యానికి జవాబు చెప్పవలసినవాణ్ణి నేనే. ఇంకెవరి పేరూ అక్కర్లేదు."

"అంటే కల్పించారా?" అన్నాడు బట్టతల మనిషి.

"మీకు ఏది సులువుగా అరిగితే అది అనుకోండి. మధ్యాహ్నం దాటుతోంది. మూలమీది కొట్లో మీరు చెప్పి ఉంచిన కాల్చిన కోళ్ళు చల్లారిపోతాయి. ఇంత గొప్ప సినిమా చూసి, ఇంత సేపు నా గురించి మాట్లాడిన జనానికి చల్లారిన కోడే సరైన భోజనం."

ఎవరో కూతపెట్టారు. ఇద్దరు ముగ్గురు 'సిగ్గు, సిగ్గు' అన్నారు. ఆయన మైకు ఒడిల్ చేతికిచ్చి, తన దిండు మీద కూర్చున్నాడు.

*

హాలు ఖాళీ అవుతోంది. తెరిచిన తలుపులోంచి జూన్ ఎండ, కాల్చిన కోడి వాసన లోపలికి వచ్చాయి. జనం ఆయన పక్కనుంచి పోతూ చూపు తిప్పుకుంటున్నారు. అల్లిక పెద్దావిడ మాత్రం ఆగి, సంచిలో వెతికి, ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని అనుమానంగా చూసి, కాసేపాగి నోట్లో వేసుకున్నాడు.

మనోన్ కోటు తొడుక్కుంటూ దగ్గరికి వచ్చింది.

"మీరు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు రూవ్రే.

"ఆవిడ చెప్పింది తప్పు అని నేను ఎప్పుడూ అనలేదండీ. సినిమాలో ఉన్నది తాడు అన్నాను. అంతే." ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుంది. "నేను ఆ వాక్యం చదివే సినిమాల్లోకి వచ్చాను. అది రాసినవాళ్ళు ఎవరైనా సరే, నాకు వాళ్ళ మీద కోపం ఎలా వస్తుంది?"

  "జలుబుకి వేడి పాలల్లో తేనె వేసుకోండి," అన్నాడు రూవ్రే. అది ఎతెల్కా మందు. మనోన్ తల ఊపి వెళ్ళిపోయింది.

సరోల్తా వచ్చి పక్క సీట్లో కూలబడింది. కర్రని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది.

"ఇందాక మిమ్మల్ని ఇంకా తిడదామని వచ్చాను," అంది. "రైల్లో అన్నీ తయారు చేసుకున్నాను. సగం మిగిలిపోయాయి."

"కానివ్వండి. నాకు తీరికే."

"మూడ్ పోయింది. మీరు ఆవిడ పేరు చెబుతారని అనుకున్నాను. చెప్పి ఉంటే ఈ కర్రతో కొట్టేదాన్ని."

రూవ్రే ఆమె వైపు తిరిగాడు. "మీకు ఎతెల్కా తెలుసా?"

"ప్రింటుతోపాటు నన్ను కూడా పంపారు ఆ వేళ. మాట్లాడకు, నవ్వు అని చెప్పి పంపారు. మీరంతా ముందు వరసల్లో ఉన్నారు. నాకు ఫ్రెంచి కొంచెం వచ్చు, అందుకని వెనక ఆవిడ బల్ల పక్కనే కూర్చున్నాను. మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. చాలా బాగా చెప్పింది. చివరి మాట దగ్గర ఆగింది. నేను తాడు అన్నాను తెర మీద. ఆవిడ మైకు మీద చెయ్యి పెట్టి, ఇటు చూసింది." సరోల్తా కర్రతో ఆయన సీటుని చూపించింది. "తెర వైపు కాదు. ఇదిగో, ఈ మూడో వరస వైపు. ఒక తల వెనకభాగం వైపు. అప్పుడు చెప్పింది."

నువ్వు చూడనప్పుడు కూడా నేనిక్కడే ఉన్నాను.

రూవ్రే సీటు అంచు పట్టుకుని, నడుం నొప్పిని లెక్క చెయ్యకుండా, మెల్లగా వెనక్కి తిరిగాడు. ఈ హాల్లో కూర్చుని వెనక్కి చూడడం ఆయనకి ఇదే మొదలు. వరసల వెనక గోడ ఉంది. గోడ దగ్గర బల్ల లేదు. ఎవరో మరిచిపోయిన గుడ్డ సంచి ఒకటి కుర్చీకి వేలాడుతోంది. అక్కడినుంచి చూస్తే మూడో వరస ఎంత స్పష్టంగా కనిపిస్తుందో ఆయనకి అర్థమైంది. దిండు ఉన్నది ఈ ఒక్క సీటుకే అని కూడా.

"రాయి మీద పేరు తప్పు పడింది," అన్నాడు.

"ఏ రాయి?"

"ఆవిడ సమాధి రాయి. ఆ వాక్యమే చెక్కించాను. కింద హల్మోషి పేరు వేయించాను. ఆవిడ మాట తీసుకెళ్ళి ఆవిడ మీదే, ఇంకొకడి పేరుతో."

 సరోల్తా భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది.

"క్షమించండి. హల్మోషికి తెలిస్తే ఎంత సంతోషించేవాడో. చివరికి ఆ వాక్యం వాడికే దక్కింది." కళ్ళు తుడుచుకుంది. పెదాల రంగు కొంచెం చెదిరింది. "రాయి మార్చొచ్చు లెండి. రాయి మార్చే ముందు మీరు ఇంకోటి వినాలి. ఆ వేళ ఆవిడ బల్ల కింద ఒక పెట్టె ఉంది. చూశారా?"

"పెట్టా? ఏం పెట్టె?"

"గోధుమరంగుది. తోలు పట్టీ తెగితే తాడుతో కట్టింది."

ఆయనకి ఆ పెట్టె తెలుసు. ఇప్పటికీ ఇంట్లో అటక మీద ఉంది. అందులో ఎతెల్కా శీతాకాలం దుప్పట్లు పెట్టేది. పట్టీ ఎప్పుడు తెగిందో, తాడు ఎవరు కట్టారో ఆయన ఎప్పుడూ అడగలేదు.

"ఆ సాయంత్రం వియన్నా రైలుకి నేను ఒక్కదాన్నే వెళ్ళాల్సింది కాదు," అంది సరోల్తా. "నా పక్క సీటు ఆవిడది. మీకు చెప్పకుండా వచ్చేస్తానంది. నిర్ణయం అయిపోయింది. సినిమా అవ్వగానే బయల్దేరాలి."

తలుపు దగ్గర ఒడిల్ దీపాలు ఆర్పబోయి, ఇద్దరినీ చూసి, ఆర్పకుండా వెళ్ళిపోయింది.

"మరి ఎందుకు ఆగింది?" అన్నాడు రూవ్రే. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

"నన్ను స్టేషన్ దాకా దింపడానికి వచ్చినప్పుడు చెప్పింది. మొదటినుంచి చెబుతాను. మీరు మాత్రం మధ్యలో విమర్శించకండి."